క్లీనరు గుండె

లారీ డ్రైవరు తన కుక్కకు క్లీనరని పేరు పెట్టుకున్నాడు. లారీలో క్లీనరు కూర్చోవలసిన సీట్లో అది కూర్చుంటుంది మరి. మనుషుల్లో క్లీనర్లు చాలామంది వచ్చారు, చెప్పాపెట్టకుండా పోయారు, ఇదొక్కటే నన్ను భరిస్తోందని పశువుల ఆసుపత్రికి వచ్చినప్పుడల్లా నలుగురికీ చెప్పి నవ్వించేవాడు. ఆ రోజు మాత్రం ఎవరినీ నవ్వించలేదు. ఆ పెద్ద గోధుమరంగు కుక్కను రెండు చేతుల మీదా మోసుకొచ్చి బల్ల మీద పడుకోబెట్టి, దాని తల కింద అరచెయ్యి ఉంచి అలాగే నిలబడ్డాడు.

"తిండి ముట్టడం లేదు సార్. క్యాబిన్ మెట్టు ఎక్కలేకపోతోంది. తినకపోయినా పొట్ట మాత్రం ఉబ్బుతోంది. నాకేం అర్థం కావట్లేదు."

పశువుల డాక్టరు స్టెతస్కోపు బిళ్ళను అరచేతిలో రుద్దారు. చల్లటి లోహం తగిలితే జంతువు ఉలిక్కిపడుతుందని, వెచ్చబెట్టకుండా ఆయన ఎప్పుడూ ఆనించరు. కళ్ళు మూసుకుని ఎడమవైపు విన్నారు, కుడివైపు విన్నారు. ఆయన కళ్ళు మూసుకుంటే హాల్లో బెంచీల మీద కూర్చున్నవాళ్ళు కూడా మాటలు ఆపేస్తారు.

పక్క బల్ల దగ్గర ఆయన కోడలు ఒక పిల్లి చెవికి కుట్లు వేస్తోంది. ఆమె కూడా పశువుల డాక్టరే. జనానికి ఆయన పెద్ద డాక్టరు, ఆమె చిన్న డాక్టరమ్మ. ఆ ఆసుపత్రిలో ఒక కట్టుబాటుంది. ఒకరు చెయ్యి వేసిన కేసులో రెండోవారు, పిలవనిదే, వేలు పెట్టకూడదు. ఆ కట్టుబాటు పెట్టింది మామగారే, అదీ కోడలి కోసమే. ఆమె కొత్తగా పనిలోకి వచ్చినప్పుడు జనం ఆమె మాట విని, తలూపి, తిన్నగా ఆయన బల్ల దగ్గరికి వెళ్ళి "ఒకసారి మీరు కూడా చూడండి సార్" అనేవారు. ఆయన తలెత్తకుండానే "ఆమె చూసిందిగా, ఇక నేను చూసేదేం లేదు" అని పంపేసేవారు. ఎన్నిసార్లు అలా పంపారో. ఆమె ఆ హాల్లో తలెత్తుకుని తిరుగుతోందంటే అది ఆయన చలవే.

"గుండె బలహీనపడిందయ్యా," అన్నారు మామగారు కళ్ళు తెరిచి. "వయసొచ్చింది కదా. పంపు నెమ్మదించి పొట్టలో నీరు చేరింది. నీరు లాగేసే ఇంజెక్షన్ ఇస్తాను. మాత్రలు పొద్దునా సాయంత్రం వెయ్యి. లేచి తిరుగుతుంది."

డ్రైవరు ముఖంలో కాస్త రక్తం వచ్చింది. ఇంజెక్షన్ ఇస్తుండగా పట్టుకోవడానికి కోడలు పిల్లిని బుట్టలో పెట్టి వచ్చింది. కుక్కను పట్టుకుంటే ఆమె వేళ్ళు అలవాటుగా తొడ లోపలివైపుకు, నాడి దొరికే చోటుకు పోతాయి. నాడి సన్నగా, దారపు పోగులా ఉంది. కుక్క ఊపిరి పీల్చినప్పుడల్లా ఆ కాస్తా కూడా వేళ్ళ కింద మాయమై, వదిలినప్పుడు మళ్ళీ వస్తోంది. మెడ పక్కన సిర ఉబ్బి ఉంది. పంపు నెమ్మదించడం ఒకటి, పంపునే ఎవరో బయటి నుంచి పట్టి నొక్కడం ఒకటి. ఇది రెండోదేమో.

"మామయ్యగారూ, ఒకసారి స్కాన్ కూడా చూద్దామా," అంది, డ్రైవరుకు వినపడకుండా, గొంతు బాగా తగ్గించి.

మామగారు సిరంజిలోకి మందు లాగుతూనే ఉన్నారు. తలెత్తలేదు. జవాబు చెప్పలేదు.

మరొకసారి అనాలని నోటిదాకా వచ్చింది. అనలేదు. నిజం చెప్పాలంటే, జవాబు రాకపోయేసరికి ఆమెకు కొంచెం ఊరటగానే అనిపించింది. చెప్పాల్సింది చెప్పాను, ఆయన వద్దనుకున్నారు, అనుకుంది. సూది దిగింది. క్లీనరు కనీసం మూలగలేదు.

ఇల్లు ఆసుపత్రి పైనే. రాత్రి భోజనాల దగ్గర టీవీ హోరెత్తిపోతోంది. అత్తగారు వచ్చి దాని గొంతు నొక్కేసి, "వీధి చివరి వాళ్ళు కూడా మన టీవీనే వింటున్నారు, వాళ్ళకి వేరే ఖర్చెందుకు," అంది. మామగారు పళ్ళెంలోంచి తలెత్తలేదు.

"చూశావా, ఉలుకూ పలుకూ లేదు," అని కోడలితో అంది. "ఈ మధ్య ఏదైనా రెండుసార్లు చెబితేగానీ ఈయనకి ఎక్కదు. పెళ్ళాం మాట వినపడకపోవడం అన్ని ఇళ్ళలో ఉండేదే అనుకో."

కోడలు నవ్వింది. ఎదురుగా వంగి, "మామయ్యగారూ, ఆ డ్రైవరు కుక్క సంగతి," అంది.

"ఏది, క్లీనరా? రేపటికి అదే హారన్ కొడుతుంది చూడు," అన్నారు ఆయన, చారు పోయించుకుంటూ. అంత నిబ్బరంగా అన్న మనిషితో నాడి పోయి వస్తోందని ఏం చెబుతుంది. ఆయన చూసిన గుండెల్లో పదో వంతు కూడా తను చూసి ఉండదు. మింగలేక కక్కలేక చెయ్యి కడుక్కుని లేచింది. పడుకున్నా కంటి మీదికి కునుకు రాలేదు. ఒకవేళ తన అనుమానమే నిజమైతే ఆ నీరు లాగే మందు మంచి చెయ్యదు. నొక్కుకుపోయిన గుండెలోకి దూరుతున్న కాస్త రక్తాన్ని కూడా తగ్గించేస్తుంది. సాయంత్రం మాత్ర కూడా వేసే ఉంటాడు, డ్రైవరు మాట తప్పే మనిషి కాదు. పొద్దున మళ్ళీ వేస్తాడు. ఫోను చేసి ఆపమందామా అని లేచి కూర్చుంది. ఆయన కేసులో నేను మందు ఆపమనడమా, అని మళ్ళీ పడుకుంది.

మర్నాడు మధ్యాహ్నం మామగారు భోజనానికి పైకి వెళ్ళిన కాసేపటికి లారీ వచ్చి గేటుకు అడ్డంగా ఆగింది. డ్రైవరు తలుపు కూడా వెయ్యకుండా పరుగెత్తుకొచ్చాడు. దుప్పటిలో చుట్టిన కుక్క తల అతని మోచేతి మీంచి వేలాడుతోంది.

"దింపుతుంటే పడిపోయింది డాక్టరమ్మా. కళ్ళు తేలేసింది. మాత్రలు వేశాను, ఒక్కటి కూడా తప్పలేదు."

చిగుళ్ళు ఎత్తి చూసింది. సున్నం కొట్టినట్టున్నాయి. నాడి కోసం వెతికింది, దొరికిందో లేదో చెప్పలేనంత సన్నగా ఉంది. స్టెతస్కోపు ఆనించింది. గుండె కొట్టుకుంటోంది, చాలా వేగంగా, కానీ ఎక్కడో దూరంగా, మూసిన తలుపు వెనక ఎవరో పిడికిలితో కొడుతున్నట్టుంది. ఇంత పెద్ద కుక్కకు, ఇంత పలచని ఛాతీకి, ఆ చప్పుడు చెవులు పగిలేలా ఉండాలి.

అత్తగారికి ఫోను చేసి మామగారిని కిందికి పంపమంది. ఆయన వచ్చేదాకా ఆగుదామని చెయ్యి వెనక్కి తీసుకుంది కూడా. మళ్ళీ ఆ చిగుళ్ళు చూసింది. స్కాన్ మిషను లాగి, బొచ్చు తడిపి, జెల్లు రాసి, మిషను బిళ్ళను పక్కటెముకల మధ్య పెట్టింది. చెయ్యి వణుకుతుంటే తెర మీద బొమ్మ కూడా వణికింది. మోచెయ్యి బల్లకు ఆనించుకుంది. అప్పుడు కనిపించింది. గుండె చుట్టూ దట్టమైన నల్లటి వలయం. నీరు తెర మీద నల్లగానే కనిపిస్తుంది. ఆ నీళ్ళలో గుండె అటూ ఇటూ ఊగుతోంది. దాని పై గది గోడ కొట్టుకున్న ప్రతిసారీ లోపలికి ముడుచుకుపోతోంది.

"ఏంటమ్మా అది?" అన్నాడు డ్రైవరు.

"గుండె చుట్టూ పలచటి సంచి ఉంటుంది. దాన్నిండా నీరు చేరింది. గుండె విచ్చుకోవడానికి చోటు లేదు."

"ఇరుకు క్యాబిన్‌లో పదిమందిని కుక్కినట్టా?"

"అంతే. స్టీరింగు తిప్పడానికి చెయ్యి ఆడదు."

గుండె మానిటరు తీగలు తగిలించి, సెలైను సూది ముందు కాలికి ఎక్కిస్తుండగా మామగారు తడి చెయ్యి తుడుచుకుంటూ దిగారు. తన బల్ల మీద తన కేసు, కోడలి చేతుల్లో ఉంది. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. ఏమీ అనకుండా స్టెతస్కోపు తీసి, బిళ్ళ రుద్ది, ఆనించి, కళ్ళు మూసుకున్నారు.

"నిన్నటిలాగే ఉందమ్మా. వేగం పెరిగింది, అంతే."

ఆమె తెరను ఆయన వైపు తిప్పింది. ఆయన ఆ నల్లటి వలయాన్ని చూశారు. వంగి మళ్ళీ కుక్క గుండె విన్నారు. మళ్ళీ తెర చూశారు. తర్వాత ఆయన చేసిన పనికి ఆమె అయోమయంలో పడింది. గబగబా గోడవారగా ఉన్న బోను దగ్గరికి వెళ్ళి, పాదంలో గాజుపెంకు తీయించుకుని యజమాని కోసం ఎదురుచూస్తున్న పడుచు కుక్క ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టారు. అది ఆయన చెయ్యి నాకుతోంది. దానికి ఏ రోగమూ లేదు. ఆయన కళ్ళు మూసుకోలేదు ఈసారి. తిరిగి వచ్చారు. ముఖం పాలిపోయింది.

"రెండూ ఒకలాగే వినపడుతున్నాయమ్మా," అన్నారు.

ఆమెకు టీవీ హోరు గుర్తొచ్చింది, నిన్న సిరంజి మీంచి లేవని తల గుర్తొచ్చింది. ఆయన వద్దనుకోలేదు. ఆయనకు అసలు వినపడనేలేదు. ఆ క్షణంలో ఆమెకు కలిగింది జాలి కాదు, భయం. నిన్నటిదాకా ఆ హాల్లో పెద్ద దిక్కు ఒకటుండేది, ఇప్పుడు లేదు.

"నీరు తియ్యాలి," అంది. "మీరు తియ్యండి మామయ్యగారూ. ఈ పనిలో నేను ఎప్పుడూ కుక్కను పట్టుకోవడమే గానీ సూది పట్టలేదు."

ఆయన సూదుల పెట్టె తెరిచారు. పొడవాటి గొట్టపు సూదిని చేతిలోకి తీసుకుని, ఒక్క క్షణం చూసి, ఆమె చేతిలో పెట్టారు.

"సూది గుండెకు తగిలితే మానిటరు చప్పుడులో మొదట తేడా వస్తుంది. అది నాకు వినపడదు. నువ్వు పొడువు. కుక్కను నేను పట్టుకుంటాను."

క్లీనరును ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టారు. కుడివైపు బొచ్చు గీసేసి, మందు రాసి, చర్మం తిమ్మిరెక్కేలా చిన్న ఇంజెక్షన్ ఇచ్చింది. మామగారు కుక్క ముందు కాళ్ళు ఒక చేత్తో, మెడ ఒక చేత్తో పట్టుకుని, నడుము వంచి దాని చెవి దగ్గర ఏదో గొణుగుతున్నారు. డ్రైవరు వెనక కాళ్ళు పట్టుకున్నాడు. ఆమె వేళ్ళతో పక్కటెముకలు తడిమింది. ఎముక వెనక అంచు వెంట రక్తనాళం ఉంటుంది, ముందు అంచు ఆనుకుని దిగాలి. తెలుసు. పుస్తకంలో చదివింది, ఆయన చేస్తుంటే చూసింది. చూడటం వేరు. అంగుళం ఎక్కువైతే కొట్టుకుంటున్న గుండెలోకే పోతుంది.

చర్మం మీద చిన్న గాటు పెట్టి సూది ఆనించింది. నెమ్మదిగా తోసింది. కండరం అడ్డుకుంది. ఇంకొంచెం తోసింది. మానిటరు టకటకా కొట్టుకుంటోంది, ఆమె ప్రాణమంతా ఆ చప్పుడులోనే ఉంది. ఏదో పలచని పొర తెగినట్టు వేళ్ళకు తెలిసింది. గొట్టంలోకి ముదురు ఎరుపు ఎగజిమ్మింది.

"రక్తం," అన్నాడు డ్రైవరు. "రక్తమొస్తోంది డాక్టరమ్మా."

సంచిలో చేరిన నీరు కూడా ఇలా నెత్తురులాగే ఉంటుంది చాలాసార్లు. గుండెలో గుచ్చినా నెత్తురే వస్తుంది. ఏది ఇది? మానిటరు చప్పుడు మారలేదు. మారలేదనుకుంటోందా, నిజంగానే మారలేదా? సూది బయటికి తియ్యాలో, వచ్చేదాన్ని సిరంజిలోకి లాగాలో తెలియలేదు.

"కొంచెం ఇలా పొయ్యి," అన్నారు మామగారు, మోచేత్తో కుక్క మెడను ఒడిసిపట్టి, ఖాళీ అయిన చేత్తో గాజు గొట్టం చాచి. ఆమె పోసింది. ఆయన దాన్ని వెలుతురు వైపు ఎత్తి మెల్లగా వంచుతూ, నిలుపుతూ చూడసాగారు. మంచి నెత్తురైతే గడ్డ కడుతుంది. సంచిలో చాలాకాలం నిలవున్నదైతే కట్టదు. కానీ అది తేలడానికి కాస్త సమయం పడుతుంది, ఆ కాస్తా గడవడమే కష్టం. డ్రైవరు పెదవులు చప్పుడు లేకుండా కదులుతున్నాయి.

"కట్టట్లేదు," అన్నారు మామగారు. "నీళ్ళలా జారుతోంది. లాగమ్మా. భయపడకు, లాగు."

ఆమె లాగింది. ఒక సిరంజి నిండింది, డ్రైవరు ముఖం తిప్పుకున్నాడు. మరొకటి నిండింది. ఇంకొకటి నిండుతుండగా మానిటరు టకటకలు దూరం దూరం అయ్యాయి. మామగారు రెండు వేళ్ళు తొడ లోపల పెట్టి, "నాడి దొరికింది. బాగా కొడుతోంది," అన్నారు. చెవులు మోసం చేసినా ఆయన వేళ్ళు ఇంకా మోసం చెయ్యలేదు. ఆమె తెర చూసింది. నల్లటి వలయం పలచటి గీతయింది, గుండె నిండుగా విచ్చుకుంటోంది. సూది బయటికి తీసి, దూది నొక్కిపెట్టి, అప్పుడు కూలబడింది. క్లీనరు తల ఎత్తి డ్రైవరు కోసం చూసింది. అతను దాని మూతి మీద ముఖం పెట్టుకుని, సిగ్గు పడకుండా ఏడ్చాడు.

రెండు రోజులు పోయాక క్లీనరు తన కాళ్ళ మీద నడిచి వచ్చింది. హాలు నిండా జనం ఉన్నారు. డ్రైవరు తిన్నగా మామగారి దగ్గరికి వెళ్ళి దణ్ణం పెట్టాడు.

"మీరు పక్కన నిలబడబట్టి నా క్లీనరు బతికింది సార్. అమ్మాయి చెయ్యి వణికిపోతుంటే నా గుండె జారిపోయింది. మీరే గనక లేకపోతే..."

కోడలు తల వంచుకుని జెల్లు డబ్బా మూత తిప్పుతూ ఉండిపోయింది. కొత్తలో కడుపు మండేది ఇలాంటి మాటలకు. ఈసారి మండలేదు. ఆయన ఊరుకుంటే చాలు, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు అనిపించింది. ఆ కోరికే ఆమెను భయపెట్టింది.

మామగారు మాత్రం ఊరుకోలేదు. అందరూ వింటుండగా అన్నారు. "చూడవయ్యా, నా చెవులు దెబ్బతిన్నాయి. మొదటి రోజు దాని గుండె నాకు సరిగ్గా వినపడలేదు. నేనిచ్చిన మందు దానికి చెరుపు చేసింది. బతికించింది ఈమె."

బెంచీల మీద గుసగుసలు ఆగిపోయాయి. డ్రైవరు కుక్క పట్టీని చేతికి చుట్టుకుంటూ, విప్పుతూ ఉన్నాడు. తిడతాడేమోనని ఆమె చూసింది. అతను మామగారిని తిట్టలేదు. మెల్లగా ఆమె వైపు తిరిగాడు.

"మొదటి రోజు మీరు కూడా దాన్ని పట్టుకున్నారు కదమ్మా. మీకూ తెలియలేదా?"

"అనుమానం వచ్చింది," అంది.

"మరి చెప్పలేదే?"

చెప్పానని అనొచ్చు. వినపడకుండా చెప్పిన మాటను చెప్పానంటే ఎవరు కాదంటారు. అతను జవాబు కోసం ఆగి, ఆగి, "సరే, చూడండి," అని కుక్కను బల్ల మీదికి ఎక్కించాడు. స్కాన్‌లో సంచి దాదాపు ఖాళీగా ఉంది. గుండె మీద గడ్డలాంటిదేమీ కనిపించలేదని, కనిపించనంత మాత్రాన లేదని చెప్పలేమని, నీరు మళ్ళీ చేరొచ్చని, తిండి మానినా నీరసపడినా పరుగున రమ్మని ఆమె ఏదీ దాచకుండా, హాలంతా వినపడే గొంతుతో చెప్పింది. అతను వింటూ తలూపాడు. నవ్వలేదు.

ఆ సాయంత్రం జనం వెళ్ళాక మామగారు తన కుర్చీలో కూర్చుని, స్టెతస్కోపును సొరుగులో పెట్టి, ఫోను బల్ల మీద పెట్టారు.

"ఎండలు మొదలయ్యాకే నా చెవులు మందగించినట్టున్నాయి, అప్పట్నుంచి నేను గుండె విన్న కుక్కలు ఎవరెవరివో నాకు గుర్తున్నాయి," అన్నారు. "అందర్నీ మళ్ళీ రమ్మని చెబుదాం. తప్పు నాది, నేనే మాట్లాడతాను. వాళ్ళేమంటారో నువ్వు విని చెప్పు."

మొదట ఫోటోల కొట్టు ఆవిడ. కోడలు నంబరు కలిపి ఇచ్చింది. మామగారు ఫోను నోటి దగ్గర పెట్టుకుని, పాఠం అప్పజెప్పే పిల్లవాడిలా అన్నారు. "అమ్మా, నేను పశువుల డాక్టర్ని. మీ తెల్లకుక్క గుండె నేను సరిగ్గా వినలేదు. నా పొరపాటు. ఒకసారి తీసుకురండి, మా కోడలు చూస్తుంది." ఫోను ఆమెకు అందించారు.

అవతల ఆవిడ నెమ్మదిగా అంది. "అది పోయిన నెలలోనే పోయిందమ్మా. డాక్టరుగారిచ్చిన మాత్రలు చివరిదాకా వేశాను. ముసలిదేలెండి, దేనివల్ల పోయిందో ఎవరికి తెలుసు. పెద్దాయన బాధపడతారు, చెప్పకండి."

ఆమె ఫోను దించింది. మామగారు ఆమె పెదవుల కేసే చూస్తున్నారు. ఆ చూపు ఆమెకు బాగా తెలుసు. స్కాన్ తెర మీంచి తను తలెత్తినప్పుడల్లా కుక్కలు తెచ్చినవాళ్ళు చూసే చూపు అది.

"ఏమన్నారు? ఎప్పుడు తీసుకొస్తారట?"

రేపు అంటే సరిపోతుంది. ఆయనకు వినపడలేదు, ఇక ఎప్పటికీ తెలియదు. ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఆయనకు ఎదురుగా వంగి, గొంతు పెంచి చెప్పింది.

"ఆ కుక్క పోయిందట మామయ్యగారూ. పోయిన నెలలో. మీ మాత్రలే వేశారట చివరిదాకా. దేనివల్ల పోయిందో తెలియదన్నారు. మీకు చెప్పొద్దన్నారు."

ఆయన తలూపారు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నారు. ఆమెకు చెప్పకుండా ఉండాల్సిందనిపించింది, చెప్పకుండా ఎలా ఉంటాననీ అనిపించింది.

"టైలరుకు కలుపు," అన్నారు చివరికి.

కలిపింది. అవతల ఫోను మోగుతోంది, ఎంతకీ ఎవరూ ఎత్తడం లేదు. ఆయన ఆమె ముఖం మీంచి చూపు తిప్పలేదు. ఎవరో ఎత్తి హలో అనేలోపే, ఆ ఇంట్లో వెనక ఎక్కడో ఫోను మోతకు చిరాకుపడి కుక్క మొరిగిన చప్పుడు ఆమె చెవిన పడింది. ఫోను ఆయనకు ఇవ్వడం మరిచిపోయి, చెయ్యి చాచి ఆయన మణికట్టు పట్టుకుంది.

"ఉంది మామయ్యగారూ," అంది. "మొరుగుతోంది."